టోకెన్ తేవడం వేరు, నెట్‌వర్క్ నిలబెట్టడం వేరు

ప్రశ్న: మా అబ్బాయి వరంగల్‌లో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. దోస్తులతో కలిసి సొంత క్రిప్టో టోకెన్ లాంచ్ చేస్తాడట, పత్తి అమ్మిన డబ్బులోంచి రెండు లక్షలు అడుగుతున్నాడు. "బ్లాక్‌చెయిన్‌దే భవిష్యత్తు బాపూ" అంటాడు. టోకెన్ లాంచ్, బ్లాక్‌చెయిన్ లాంచ్ ఒకటేనా? దేంట్లో కెరీర్ ఉంది? మా తమ్ముడి కొడుకు అమెరికా నుంచి డాలర్లు పంపుతున్నాడు, వీడి సంగతి చూస్తే నిద్ర పట్టడం లేదు.
– ఒక తండ్రి, హుజూరాబాద్

జవాబు: ఇలాంటి ఉత్తరాల్లో కోర్సు పేరు మారుతుంది గానీ అడిగేది ఒకటే: పిల్లాడు చేయి దాటిపోతున్నాడా అని. దాటలేదండీ. దాటినవాడైతే మిమ్మల్ని అడగడు, లోన్ యాప్‌లో తీసుకుంటాడు.

ఆ రెండూ ఒకటి కావు. ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం తెరవడం వేరు, యార్డే కట్టి కాంటాలు, దడ్వాయిలు, హమాలీలు అన్నీ కుదర్చడం వేరు. టోకెన్ మొదటి రకం, సొంత బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ రెండో రకం. ఇప్పటికే నడుస్తున్న ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద, ఈఆర్‌సీ-20 అనే టోకెన్ల ప్రామాణిక పద్ధతిలో చిన్న స్మార్ట్ కాంట్రాక్ట్ (బ్లాక్‌చెయిన్ మీద దానంతటదే నడిచే ప్రోగ్రామ్) పెడితే టోకెన్ వచ్చేస్తుంది. రెడీమేడ్ కోడ్ ఉచితంగా దొరుకుతుంది, మీవాడికి ఒక సాయంత్రం చాలు. లావాదేవీలు సరిచూసే పని ఇథీరియమే చేస్తుంది. సొంత నెట్‌వర్క్‌కైతే ఆ భారమంతా మనదే: ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్లు ఒకే లెక్కకు ఒప్పుకోవాలి, కొన్ని ఆగిపోయినా, మోసం చేసినా అది నిలబడాలి. ఇథీరియం 2014లో నిధులు సేకరించింది, టెస్ట్‌నెట్లు (అసలు డబ్బు లేని పరీక్ష నెట్‌వర్క్‌లు) నడిపాకే 2015 జూలై 30న మొదలైంది. ఈఓఎస్ అనే మరో బ్లాక్‌చెయిన్ టోకెన్‌ను 2017 జూన్ నుంచి ఏడాదిపాటు ఇథీరియం మీదే అమ్మారు. దాని సొంత నెట్‌వర్క్ 2018 జూన్‌లో గానీ రాలేదు.

టోకెన్ లాంచ్‌ను కెరీర్ అనడానికి నాకు మనసొప్పదు. మీవాడు అడిగే రెండు లక్షలు కోడ్‌కు కాదు. లిక్విడిటీ పూల్‌లో (టోకెన్ కొనడానికి, అమ్మడానికి వీలుగా ముందే ఉంచే నిధిలో) పెట్టడానికి, టెలిగ్రామ్‌లో ప్రచారానికి, కొనేవాళ్లను పోగేయడానికి. అది ఇంజినీరింగ్ కాదు, అమ్మకం. కొనేదెవరు? హాస్టల్ దోస్తులు, మేనమామలు. ధర పడిన రోజు వాళ్లంతా మీ గుమ్మంలోనే ఉంటారు. లాభమొచ్చినా 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను. ఒక టోకెన్‌లో పోయినదాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేసుకోవడానికీ వీల్లేదు. రెజ్యూమెలో రాసుకోవచ్చు కదా అంటారేమో. నేను ఇంటర్వ్యూలో కూర్చుంటే "దాన్ని ఎవరు వాడుతున్నారు?" అనే అడుగుతాను.

ఇక మీ సంగతి. నాకు రాసిన నాలుగు ముక్కల్లోనే తమ్ముడి కొడుకు డాలర్లు తెచ్చారు, ఇంట్లో ఎన్నిసార్లు తెస్తున్నారో! పొద్దస్తమానం ఆ మాటే వింటే ఇరవై ఏళ్ల పిల్లాడు తొందరగా డబ్బొచ్చే దారే వెతుకుతాడు. ఆ పోలిక ఇవాళే ఆపేయండి.

నెట్‌వర్క్ వైపు వెళ్తానంటే మాత్రం టెన్షన్ పడకండి. ఉద్యోగాలు తక్కువే. కానీ అందుకు చదివే గో, రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలు, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ (చాలా కంప్యూటర్లను ఒకటిగా నడపడం), క్రిప్టోగ్రఫీ (సమాచారాన్ని గుప్తంగా, భద్రంగా ఉంచే విద్య) వృథా పోవు, క్లౌడ్, డేటాబేస్ కంపెనీల్లోనూ అక్కరకొస్తాయి. టోకెన్ మోజు తీరాలంటే సెపోలియా టెస్ట్‌నెట్‌లో పెట్టుకోమనండి, అక్కడ ఈథర్ (ఇథీరియం సొంత నాణెం) ఉచితం. ఆ తర్వాత ఇథీరియం నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లలో నడిచే గెత్ అనే సాఫ్ట్‌వేర్ కోడ్ చదవమనండి, అందరికీ తెరిచే ఉంది. ఈ వేసవి సెలవుల్లో దాంట్లో ఒక చిన్న బగ్ సరిచేయగలిగితే, ప్లేస్‌మెంట్లకు ముందు నాకు మళ్లీ రాయండి.