తాళం కదిలితేనే పని జరుగుతుందా?

ప్రశ్న: ఎంజైమ్ తాళం లాంటిదనీ, అది పట్టుకునే పదార్థం తాళంచెవి లాంటిదనీ ఇంటర్‌లో చదువుకున్నాం. రసాయన చర్య జరిగే చోటుకు దూరంగా ఉన్న ఒక్క అమైనో ఆమ్లం మారినా బ్యాక్టీరియా ఎంజైమ్ వేగం పడిపోవచ్చని ఇప్పుడు డిగ్రీలో చెబుతున్నారు. తాళం గట్టిగా ఉండాలి కదా, దాని కదలికతో పనేమిటి?
– బీఎస్సీ విద్యార్థిని, కాకినాడ

జవాబు: తాళం, తాళంచెవి పోలికను 1894లో ఎమిల్ ఫిషర్ చెప్పాడు. ఏ ఎంజైమ్ ఏ పదార్థాన్ని ఎంచుకుంటుందో వివరించడానికి ఆ పోలిక ఇప్పటికీ పనికొస్తుంది గానీ, పని అయ్యాక చెవి ఎలా బయటికి వస్తుందో అది చెప్పదు. మీ సందేహం విడిపోయేది అక్కడే.

ఈ.కోలి బ్యాక్టీరియాలోని డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్‌ను చూడండి. 159 అమైనో ఆమ్లాల ఈ చిన్న ప్రోటీన్, ఎన్‌ఏడీపీహెచ్ అనే సహకారి అణువు నుంచి హైడ్రైడ్‌ను (రెండు ఎలక్ట్రాన్లున్న హైడ్రోజన్‌ను) తీసుకుని డైహైడ్రోఫోలేట్‌కు అందించి, దాన్ని టెట్రాహైడ్రోఫోలేట్‌గా మారుస్తుంది. డీఎన్‌ఏ తయారీకి ఇది తప్పనిసరి కనుకనే ట్రైమెథోప్రిమ్ అనే యాంటీబయాటిక్ ఈ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో రూపొందించిన ఫోలిక్ ఆమ్ల నిరోధకాలు మనుషుల్లో గురిపెట్టేదీ ఈ ఎంజైమ్‌కు సంబంధించిన మానవ రూపాన్నే.

రసాయన చర్య జరిగే చోటు, అంటే క్రియాస్థానం పక్కన, 9 నుంచి 24 వరకు ఉన్న అమైనో ఆమ్లాల ముక్క వంగే గుణం కలది. 20వది మెథియోనిన్ కావడంతో దీన్ని మెట్-20 లూప్ అంటారు. రెండు అణువులూ చేరగానే ఇది మూతలా కప్పుకుని, ఎన్‌ఏడీపీహెచ్‌లోని నికోటినమైడ్ వలయాన్ని డైహైడ్రోఫోలేట్ పక్కన సరిగ్గా నిలుపుతుంది. హైడ్రైడ్ చేయి మారాక లూప్ మెలి తిరిగి, మెథియోనిన్ కొసను ఆ వలయం ఉన్న గూటిలోకే దూర్చి, వలయాన్ని బయటికి నెట్టేస్తుంది. వాడిన సహకారి అణువు వెళ్లి, కొత్త ఎన్‌ఏడీపీహెచ్ వచ్చి కూర్చున్నాకే టెట్రాహైడ్రోఫోలేట్ త్వరగా వదులుతుంది. హైడ్రైడ్ బదిలీ సెకనుకు సుమారు 950 సార్లు జరగగలిగినా, ఉత్పన్నమైన టెట్రాహైడ్రోఫోలేట్ బయటపడేది దాదాపు 12 సార్లే. అంటే సాధారణ పరిస్థితుల్లో మొత్తం వేగాన్ని నిర్ణయించేది పట్టుకోవడం కాదు, వదలడం.

ఇక దూరపు మార్పు సంగతి. 121వ స్థానంలోని గ్లైసిన్ క్రియాస్థానానికి దాదాపు 19 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) దూరంలో ఉంది. దాన్ని వాలీన్‌గా మారిస్తే హైడ్రైడ్ బదిలీ సుమారు 200 రెట్లు మందగిస్తుంది. పక్కనే ఉన్న 122వ ఆస్పార్టిక్ ఆమ్లం, మూత మూసుకున్నప్పుడు మెట్-20 లూప్‌ను హైడ్రోజన్ బంధాలతో పట్టి ఉంచుతుంది. వాలీన్ ఒత్తిడికి ఆ పట్టు సడలుతుంది. లూప్ కదలికే హైడ్రైడ్‌ను తోస్తుందా అన్న దానిపై శాస్త్రవేత్తల్లో వాదం ఉంది. తోస్తుందనడం మితిమీరిన మాట అని నాకనిపిస్తుంది. అణువులను తగిన అమరికకు తేవడమే దాని అసలు పని.

స్ఫటికాల ఎక్స్-రే చిత్రాల్లో ఈ దశలు విడివిడి ఫొటోల్లా కనిపిస్తాయి. 2006లో ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల స్పందనను చూసే పద్ధతి) పరిశీలన మరో సంగతి బయటపెట్టింది: ప్రతి దశలోనూ ఎంజైమ్‌లో కొద్ది భాగం, మిల్లీసెకన్ల వ్యవధిలో, తరువాతి దశలో తాను దాల్చబోయే రూపాన్ని ముందుగానే తాకి వెనక్కి వస్తుంది.