త్రిశంకుని చూపించాలంటే

చిన్నా,

సెలవులకి వచ్చినప్పుడు పిల్లలకి సదరన్ క్రాస్ నక్షత్రమండలం ఎలా చూపించాలని అడిగావు. అదేరా, మన త్రిశంకు. ఆస్ట్రేలియా జెండా మీద ఉంటుంది కాబట్టి మనకి కనపడదనుకుంటారు చాలామంది. శుభ్రంగా కనపడుతుంది, కాకపోతే దక్షిణాన బాగా కిందకి.

ముందు నా తెలివితక్కువ పని చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మార్చి నెలలో బడిపిల్లల్ని డాబా ఎక్కించి, నాలుగు చుక్కల శిలువ చూపించి "అదే త్రిశంకు" అనేవాణ్ణి. మూడేళ్ళు అలాగే చెప్పాను. చివరికి ఓ పిల్ల "పక్కన రెండు పెద్ద నక్షత్రాలుండాలి కదా మాస్టారూ, ఏవీ?" అంది. నాకు నోట మాట రాలేదు. నేను చూపించింది దొంగ శిలువ. అసలుదానికన్నా పెద్దది, వెలుగు తక్కువ, మూడు గంటలకి పైగా ముందే వచ్చేస్తుంది.

నువ్వు మే మధ్యలో రా. రాత్రి తొమ్మిదికి అసలుది నిటారుగా నిలబడుతుంది. రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి జరుగుతూ నెలాఖరుకి ఎనిమిదికే వచ్చేస్తుంది. వెన్నెలుంటే లాభం లేదు, అమావాస్య ముందువెనకల చూసుకో.

మన డాబా పనికిరాదు. దక్షిణాన కొబ్బరిచెట్లు, పక్కవాళ్ళ వాటర్ ట్యాంకు అడ్డం. చెరువు ఉత్తరపు గట్టెక్కండి, ఎదురుగా నీళ్ళే.

హస్త నక్షత్రం నీకు చిన్నప్పుడే చూపించాను కదా, అరచెయ్యిలా ఐదు చుక్కలు. అక్కణ్ణించి చూపు తిన్నగా కిందకి జార్చు. చెయ్యి బారచాపి, పిడికిలి బిగించి, నేల అంచు మీద ఆనినట్టు పెట్టు. పిడికిలి మీద కూర్చున్నట్టుండేది శిలువ అడుగు నక్షత్రం. మే దుమ్ముకి కాస్త మసగ్గా ఉండొచ్చు. దానికి మూడు నాలుగు వేళ్ళ ఎత్తున, కొంచెం ఎర్రగా, పైది. అంతే శిలువ. 88 నక్షత్రమండలాల్లోనూ చిన్నది ఇదే మరి.

ఎడమ పక్కన ఆ పిల్ల అడిగిన రెండు పెద్ద నక్షత్రాలూ కనపడాల్సిందే, లేకపోతే నాలాగే మోసపోయావన్నమాట. వాటిలో శిలువకి దూరంగా ఉన్నది ఆల్ఫా సెంటారి. దాని వెలుగు మన దాకా రావడానికి నాలుగేళ్ళకి పైనే పడుతుంది. చిన్నదానికి నాలుగు నిండాయి కదా, అది పుట్టే రోజుల్లో బయల్దేరిన వెలుగు ఇప్పుడు దాని కంట్లో పడుతోందని చెప్పు.

విశ్వామిత్రుడి కథ గట్టు మీదే చెప్పు. కానీ సాగదీయకు, పదకొండు దాటితే త్రిశంకు పక్కకి ఒరిగి మసకలో కలిసిపోతాడు. టార్చి ఆకాశం వైపు వేయనివ్వకు. దిగేటప్పుడు మాత్రం కాళ్ళ దగ్గర వేసుకుంటూ దిగండి, ఆ గట్టు మీద పాములు తిరుగుతాయి.

పెదనాన్న