పీడీఎఫ్‌లో పదం దొరికితే సగం చదివినట్టే

ప్రశ్న: గ్రూప్-2కి చదువుతున్నాను సార్. ఫోన్‌లో పదకొండు పీడీఎఫ్ పుస్తకాలున్నాయి. మొదటి పేజీ నుంచి మొదలుపెడితే ఏదీ పూర్తి కావట్లేదు, టెన్షన్‌గా ఉంది. మంచి స్పీడ్ రీడింగ్ యాప్ చెప్పండి. తెలుగు పీడీఎఫ్‌లో ఏ పదం వెతికినా దొరకట్లేదు, ఎందుకు? - ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ఆ యాప్‌ల జోలికి వెళ్లకండి. వాటిలో చాలావరకు తెర మీద ఒక్కో మాటే చకచకా వచ్చి పోతుంటుంది. అర్థం కాని చోట మన కన్ను దానంతటదే వెనక్కి వెళ్లి మళ్లీ చూస్తుంది. వాటిలో ఆ వీలుండదు. పైగా 'చదువుకోవాలనుకుంటున్నవాళ్లకు' అన్నది తెలుగులో ఒక్కటే మాట. రెప్పపాటులో అదెలా అందుతుంది?

మీకు టైమ్ మిగలాలంటే ఏ పేజీలు వదిలేయొచ్చో ముందు తేలాలి. తెలంగాణ గ్రూప్-2లో నాలుగో పేపరు, అంటే తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం, దాని సిలబస్ తీయండి. 1948-70, 1971-90, 1991-2014 అని మూడు భాగాలు, మొత్తం 150 మార్కులు. ముల్కీ నిబంధనలు, 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం లాంటివి ఏ అధ్యాయాల్లో ఉన్నాయో విషయసూచికలో చూడండి. ఆ అధ్యాయాల్లో మొదటి పేరా, ఉపశీర్షికలు, చివరి పేరా చూస్తే ఎక్కడ ఆగాలో తెలిసిపోతుంది. ఆగిన చోట మాత్రం పెన్ను పట్టుకుని నిదానంగా చదవండి. ఒక పుస్తకం ఇలా క్షుణ్ణంగా అయ్యాక, మిగతా వాటిలో అదే అంశానికి సంబంధించిన పదం వెతికి, కొత్త సంగతి ఉంటేనే నోట్స్‌లో చేర్చుకోండి.

వెతికితే దొరకకపోవడం మీ తప్పు కాదు. పేజీలోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన గజిబిజి వస్తే, ఆ పుస్తకం 'అను' లాంటి పాత ఫాంట్లతో టైప్ చేసిందన్నమాట. కంటికి తెలుగే కనిపిస్తుంది కానీ లోపల ఉన్నది యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ తెలుగుగా గుర్తుపట్టే అక్షరాలు కాదు. అసలు కాపీయే కాకపోతే అవి చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలు.

రెండింటికీ మందు దాదాపు ఒకటే. కంప్యూటర్‌లో ఆ పీడీఎఫ్‌ను క్రోమ్‌లో తెరిచి, ప్రింట్ నొక్కి, 'సేవ్ యాజ్ పీడీఎఫ్' ఎంచుకుని, కావాల్సిన పేజీల నంబర్లు ఇవ్వండి. ఆ చిన్న ఫైల్‌ను గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, 'ఓపెన్ విత్'లో గూగుల్ డాక్స్‌తో తెరవండి. స్కాన్ బొమ్మలైతే తెలుగు అక్షరాలుగా మారి వస్తుంది. పాత ఫాంట్ల పుస్తకమైతే మళ్లీ గజిబిజే రావచ్చు, అప్పుడు ఆ పేజీల స్క్రీన్‌షాట్లు తీసి వాటిని ఇలాగే తెరవండి. ఒత్తులు, అంకెలు అక్కడక్కడా తప్పుతాయి, అందుకే తేదీలు అసలు పేజీతో సరిచూసుకోవాల్సిందే. నెట్ సెంటర్‌లో చేస్తే లాగౌట్ మరవద్దు.

వెతికేటప్పుడు 'ఒప్పందం' అని పూర్తిగా కొట్టకండి. 'ఒప్పందాన్ని', 'ఒప్పందాలు' తప్పిపోతాయి. 'ఒప్పం' దగ్గరే ఆపితే అన్నీ దొరుకుతాయి.

ప్రశ్న: జడ్చర్ల నుంచి రోజూ బస్సులో వెళ్తాను. ఫోన్‌లో చదివితే తల తిరుగుతోంది. - ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఆండ్రాయిడ్ ఫోనైతే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి, తెర మీది మాటల్ని చదివి వినిపించే 'సెలెక్ట్ టు స్పీక్' ఆన్ చేయండి. టెక్స్ట్ టు స్పీచ్‌లో తెలుగు గొంతును ఇంట్లో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి. బస్సులో కొత్త పాఠం వద్దు, రాత్రి మీరు టైప్ చేసుకున్న నోట్స్ వినండి.