పాఠకుల ప్రశ్న – మా జవాబు: బ్రాలు నిజంగా తగలబెట్టారా?

ప్రశ్న: మేము విజయనగరంలో డిగ్రీ చదువుతున్న ఆరుగురం. స్త్రీవాద ఉద్యమాల గురించి వేర్వేరు దేశాల పత్రికలు ఎలా రాస్తాయో పోల్చి చూడాలనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి? అమెరికాలో ఆడవాళ్లు బ్రాలు తగలబెట్టారంటారు, నిజమేనా?

జవాబు: తగలబెట్టలేదనే నిరసన నిర్వాహకులు చెప్పారు. 1968 సెప్టెంబరు 7న అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికా పోటీ బయట నిరసనకు దిగినవాళ్లు బ్రాలు, ఎత్తుమడమల చెప్పులు, అతికించుకునే కనురెప్పల వెంట్రుకలు చెత్తడబ్బాలో పడేశారు. వియత్నాం యుద్ధానికి వెళ్లబోమని కుర్రాళ్లు డ్రాఫ్ట్ కార్డులు (నిర్బంధ సైనిక సేవ పత్రాలు) కాల్చడంతో న్యూయార్క్ పోస్ట్ దీన్ని పోల్చింది. ఆ పోలికే జనం నోళ్లలో నిలిచింది. అందాల పోటీలపై వాళ్లు చేసిన విమర్శ మాత్రం మరుగున పడిపోయింది.

కాబట్టి ముందు పత్రికలు వాడే మాటలు పట్టుకోండి. అర్జెంటీనాలో భర్తో ప్రియుడో చంపితే 'ఆవేశంలో జరిగిన నేరం' అని రాసే అలవాటు ఉండేది. 2015 జూన్ 3న 'నీ ఊనా మేనోస్' (ఇక ఒక్కరూ తగ్గకూడదు) అంటూ జనం వీధుల్లోకి వచ్చారు. ఆ పిలుపునిచ్చినవాళ్లలో మహిళా జర్నలిస్టులు ముఖ్యులు. 'స్త్రీహత్య' అనే మాట పత్రికల్లో స్థిరపడటానికి ఆ ఉద్యమం బాగా తోడ్పడింది. మన పేజీల్లో 'ప్రేమోన్మాది' అన్న మాట ఇంకా చెల్లుతూనే ఉంది. ప్రేమకూ ఆ హత్యకూ ఏం సంబంధం?

ఇక పని. ఒకే ఘటన, మూడు పత్రికలు, ఏడు రోజులు తీసుకోండి. ఇద్దరికో పత్రిక. ప్రతి వార్తకూ పేజీ, ఎన్ని కాలమ్‌లు, శీర్షికలో క్రియ ఏది, మొదట ఎవరి మాట ఉంది, ఫొటోలో ఎవరున్నారు అన్నవి రాసుకోండి. 'ట్రాఫిక్‌కు అంతరాయం' అని శీర్షిక పెడితే డిమాండు ఎన్నో పేరాలో వచ్చిందో లెక్కపెట్టండి.

ఎక్కువమంది పొరబడేది ఏజెన్సీ వార్తల దగ్గర, అంటే అనేక పత్రికలకు వార్తలు అందించే సంస్థల కథనాల దగ్గర. రాయిటర్స్, ఏఎఫ్‌పీ కథనమే నాలుగు దేశాల్లో అచ్చయితే అవి నాలుగు దృక్పథాలు కావు. డేట్‌లైన్ (వార్త మొదట్లో ఉండే ఊరు, తేదీ) పక్కన, వార్త చివర ఏజెన్సీ పేరుందేమో చూడండి. శీర్షిక సాధారణంగా డెస్కులో (వార్తలు దిద్దే విభాగంలో) పెడతారు, విలేకరి పెట్టడు. శీర్షికనూ వార్తనూ విడిగా నమోదు చేయండి. సంపాదకీయాలు వార్తల్లో కలపొద్దు.

విదేశాలకు వెళ్లేముందు ఇంటి దగ్గర సాధన చేయండి. 2023 డిసెంబరు 12న మొదలైన అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు సాగింది, మధ్యలో ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) ప్రయోగించారు. జిల్లా గ్రంథాలయంలో పాత ఫైళ్లుంటే ఆ రోజులవి అడగండి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లా పేజీలను మెయిన్ ఎడిషన్‌తో కలపకండి. లక్షమంది ఆడవాళ్లు పాల్గొన్న ఆ సమ్మెను 'మహిళా ఉద్యమం' అని ఎవరైనా రాశారా, ఎక్కడ రాశారు అన్నది మొదటి రోజు నుంచే గుర్తుపెట్టుకుంటూ వెళ్లండి.