రంగు తేడా వస్తే ముందు వేడి చూడు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు ప్రింట్ వేసిన చీరలు చూసి ద్వారపూడి షాపువాళ్లు నలుపు గోధుమరంగు కొడుతోందన్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పట్నుంచి రాత్రిళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని డిజైన్‌లో రంగులు మారుస్తున్నావట. ముందు అది ఆపు. ఒకసారి ఫైల్ మార్చడం మొదలుపెడితే అసలు తప్పు ఎక్కడుందో ఇక దొరకదు. ఫైల్‌ను అలాగే ఉంచి వేడి సంగతి చూడు.

పాలిస్టర్ మీద నువ్వు చేసేది సబ్లిమేషన్. ముందు కాగితం మీద ప్రింట్ చేసి, దాన్ని గుడ్డతో కలిపి వేడి రోలర్ కింద నొక్కితే కాగితం మీది రంగు ఆవిరై దారంలోకి దిగుతుంది. దానికి సుమారు 200 డిగ్రీల వేడి, అర నిమిషం నుంచి నిమిషం దాకా సమయం కావాలి. అన్ని రంగులూ ఒకే వేగంతో ఆవిరి కావు. నల్ల సిరా కూడా కొన్ని రంగుల మిశ్రమమే కాబట్టి తేడా ముందు నలుపులో, బూడిదరంగులో బయటపడుతుంది. వేడి తక్కువైందో ఎక్కువైందో తెలియాలంటే వాడేసిన కాగితం చూడు. దాని మీద రంగు దండిగా మిగిలిపోతే వేడి చాలలేదు, లేదా రోలర్ వేగం ఎక్కువైంది. కాగితం బాగా ఖాళీ అయి, చీరలో తెల్లభాగం పసుపు తిరిగి, గీతల అంచులు అలుక్కుపోతే వేడి మితిమీరింది. ఒకేసారి రెండూ మార్చకు. వేగం కదపకుండా 5 డిగ్రీల చొప్పున మార్చి ముక్కలు తీయి, ప్రతి ముక్క మీదా అంకెలు రాసిపెట్టు.

మెషిన్ మీద కనిపించే అంకెను గుడ్డిగా నమ్మొద్దు. అది సెన్సార్ ఉన్నచోటి వేడి మాత్రమే. రంగు మారే వేడి స్ట్రిప్‌లు దొరుకుతాయి. రోలర్‌కి రెండు చివర్లా, మధ్యలో పెట్టి చూడు. సాయంత్రం వోల్టేజీ పడిపోయినప్పుడు మళ్లీ చూడు. పొద్దున్న బాగా వచ్చిన డిజైన్ రాత్రికి వెలిసినట్టు రావడానికి అదీ ఒక కారణం.

మన కోనసీమ గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో కాగితం, గుడ్డ రెండూ చెమ్మ పట్టేస్తాయి. ఆ చెమ్మ రోలర్ కింద ఆవిరై మచ్చలు తెస్తుంది. కాగితం రోల్ కవర్ విప్పి వదిలేయకు. గుడ్డను ముందు ఒకసారి ఖాళీగా రోలర్ మీద పంపితే చెమ్మ పోతుంది, ముడుచుకునేదీ అప్పుడే ముడుచుకుంటుంది. సిరా సీసాలు రేకుల షెడ్డులో ఉంచొద్దు. ప్రింటర్ గదికి ఏసీ పెట్టించు, ఆ ఖర్చుకు వెనకాడకు. సిరా వేడెక్కితే పలచబడుతుంది, పడే చుక్క మారుతుంది, దాంతో రంగూ మారుతుంది.

బండారులంక కాటన్ మీద కూడా వేద్దామనుకుంటున్నావని విన్నాను, చాలా సంతోషం. కానీ దాని పద్ధతి వేరు. కాటన్‌కి వాడేది రియాక్టివ్ రంగు, అంటే దారంతో రసాయనికంగా కలిసిపోయే రంగు. దానికి పొడి వేడి కాదు, ఆవిరి కావాలి. మామూలుగా 102 డిగ్రీల దగ్గర 8 నుంచి 10 నిమిషాలు. ఆవిరిలో తడి ఉండాలి. మరీ పొడి ఆవిరైతే రంగు దారానికి సరిగ్గా అంటుకోక ఉతుకులో పోతుంది. అలాగని స్టీమర్ పైకప్పు నుంచి నీటిబొట్టు పడిందా, ఆ చీర పాడైనట్టే. ప్రింటయిన గుడ్డను తేమలో రాత్రంతా వదిలేయకుండా వెంటనే ఆరబెట్టి స్టీమర్‌కి పంపు. తర్వాత చన్నీళ్లలో, ఆపైన సబ్బు వేసిన మరుగుతున్నంత వేడినీళ్లలో ఉతికితేనే అంటుకోని రంగంతా వదులుతుంది. ఈ ఉతుకులో పొదుపు చేస్తే కొన్నావిడ ఇంట్లో తెల్లబట్టలన్నిటికీ ఆ రంగు పడుతుంది. అలాంటి సరుకు నీ చేతుల మీదుగా బయటికి వెళ్లకూడదు.

మెషిన్ నుంచి దిగిన వేడి గుడ్డను చూసి రంగు ఇంతేనని తేల్చేయకు. వేడి మీద కొన్ని రంగులు వేరేగా కనిపిస్తాయి. పూర్తిగా చల్లారాక, పగటి వెలుతురులో, నమూనా పక్కన పెట్టి చూడు.

పాలిస్టర్ చీరతో ఒక చీటీ పెట్టు, తెలుగులోనే: ఇస్త్రీ తక్కువ వేడి మీద, తిరగేసి చేయాలని. ఇస్త్రీ పెట్టె మీద ఒక చుక్క అంటే 110 డిగ్రీలు, మూడు చుక్కలంటే 200. అంటే ఆ మూడు చుక్కల వేడి నీ రోలర్ వేడితో సమానం, ఎక్కిన రంగు మళ్లీ లేచి పక్క మడతకు అంటుకుంటుంది.

195, 200, 205 డిగ్రీల ముక్కలు మూడూ, వాడేసిన కాగితాలతో సహా, రావులపాలెం బస్సులో పంపించు. చూసి ఫోన్ చేస్తాను.

మీ మావయ్య