మగ్గం గదికి 50 కాదు, 28 కావాలి

అడిగిన ప్రశ్న ఇది: "అనంతపురంలో ఉంటాను. క్యానన్ డీఎస్‌ఎల్‌ఆర్, దానికి 18-55, 55-250 లెన్సులు ఉన్నాయి. పల్లెలు, మగ్గాలు, తిరునాళ్లు తీయాలని ఉంది. 50 మి.మీ. ఎఫ్/1.8 కొనాలా, లేక లెన్స్ మార్చే వీల్లేని చిన్న కెమెరా కొనాలా?"

చిన్న కెమెరా కొనండి. అందులోనూ రికో జీఆర్ 3 కొనండి. కొత్తది దొరక్కపోతే పాతదైనా ఫర్వాలేదు, ఎట్లా చూసి కొనాలో కింద రాస్తాను. 50 మి.మీ. ఎఫ్/1.8 కొనమని ప్రతి యూట్యూబ్ చానెల్లోనూ చెప్తారు. ఆ సలహా మన ఇళ్లకు పనికిరాదు. మీ క్యానన్ సెన్సర్ ఫిల్మ్ ఫ్రేము కంటే చిన్నది కాబట్టి దాని మీద 50 అంటే ఫిల్మ్ కెమెరా లెక్కకు 80 అవుతుంది, చూపు ఇరుకవుతుంది. అయిదడుగుల దూరంలో మనిషి కూర్చుంటే ఫ్రేములో పట్టేది రెండుంపావు అడుగుల వెడల్పు. మొహమూ భుజాలూ వస్తాయి, అంతే. చేతులు రావు, చేసే పని రాదు, ఇల్లు రాదు. వెనక్కి జరుగుదామంటే వీపుకు గోడ తగులుతుంది.

ధర్మవరంలో మగ్గం ఉన్న గది ఏదైనా తీసుకోండి. గుంతలో కాళ్లు పెట్టుకుని నేసే మనిషి, ఆయన తలకు పైన డిజైన్ నేయించే జకార్డు పెట్టె, దాన్నుంచి దండలాగా వేలాడే చిల్లుల అట్టలు, ముందుకు చాచిన పడుగు. మగ్గానికీ గోడకూ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నిలబడేంత చోటు మిగులుతుంది. వెలుతురు సాధారణంగా అచ్చుకు (పేకను కొట్టే దువ్వెన లాంటి చట్రం) పైన కట్టిన ఒక ట్యూబులైటే. ఆ సందులో గోడకు ఆనుకుని నిలబడితే నేసే మనిషి మొహం మీకు అయిదడుగుల్లో ఉంటుంది. జీఆర్ 3 లెన్స్ లెక్కకు 28 మి.మీ. అయిదడుగుల దగ్గర అది ఆరున్నర అడుగుల వెడల్పు, నాలుగుంపావు అడుగుల ఎత్తు పడుతుంది. మొహం, రెండు చేతులు, అచ్చు, నేసిన చీర చుట్టుకునే దోనె, వెనక అట్టల దండ అన్నీ ఒకే ఫ్రేములోకి వస్తాయి.

అక్కడ పెట్టాల్సిన లెక్కలు ఇవి. ఎపర్చర్, అంటే లెన్స్ తెరుచుకునే కన్ను, ఎఫ్/2.8. ఫోకస్‌ను స్నాప్‌లో (దూరాన్ని ముందే కట్టేసే పద్ధతి, కింద చెప్తాను) 1.5 మీటర్ల దగ్గర కట్టేయండి. అప్పుడు సుమారు నాలుగడుగుల నుంచి ఆరున్నర అడుగుల దాకా స్పష్టంగా ఉంటుంది, దాని వెనక కొంచెం మెత్తబడుతుంది. షట్టర్ 1/100 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. జీఆర్ 3 షట్టర్ లెన్స్ లోపలే ఉండే లీఫ్ షట్టర్, ఫ్రేమునంతా ఒకేసారి వెలుగుకు తెరుస్తుంది. అందుకని డీఎస్‌ఎల్‌ఆర్‌లో వేగం పెంచినప్పుడు కనబడే అడ్డచారలు ఇందులో రావు. కానీ 1/250 పెడితే ఒక ఫోటో వెలుతురుగా, ఇంకోటి మసకగా, రంగు కూడా మారుతూ వస్తాయి. 1/100 గానీ 1/50 గానీ పెడితే ఆ గొడవ ఉండదు. ఐఎస్ఓ, అంటే వెలుతురుకు సెన్సర్ స్పందించే తీరు, 3200 చుట్టూ తిరుగుతుంది. 6400 దాకా వెళ్లినా భయపడాల్సిన పని లేదు, ఇందులోని ఏపీఎస్‌-సి సెన్సర్ (దాదాపు మీ క్యానన్‌లో ఉన్నంత సైజు) తట్టుకుంటుంది.

1/100 దగ్గర నాడె (పేక పోగును అటూ ఇటూ మోసుకెళ్లేది) గీతలాగా సాగుతుంది. సాగనివ్వండి. లోపలి స్టెబిలైజర్ మీ చేతి వణుకునే ఆపుతుంది, నాడెను ఆపదు. చేతులు స్పష్టంగా రావాలంటే అచ్చు ముందుకొచ్చి పేకను కొట్టే క్షణం కోసం చూడండి. కొట్టిన చోట అది రెప్పపాటు ఆగుతుంది. నేతలో తాళం ఉంటుంది కాబట్టి నాలుగైదు పోట్లు వింటే ఆ క్షణం మీ వేలికే తెలిసిపోతుంది.

పట్టులో ఇంకో రెండు చిక్కులు ఉన్నాయి. ఎరుపు, రాణి రంగు పట్టు మీద ఎరుపు చానెల్ (ఫోటోలో ఎరుపును నమోదు చేసే భాగం) ముందు హద్దు దాటి కాలిపోతుంది, మడతలు పోయి రంగు ముద్దలాగా కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 పెట్టి డీఎన్‌జీ అనే రా ఫైల్ తీసి, నీడలు తర్వాత లేపుకోండి. రెండోది, ఈ కెమెరాలో సన్న గీతలను కొంచెం మెత్తబరిచే లో-పాస్ ఫిల్టర్ లేదు. పడుగు పోగుల సన్న గీతల మీద లేని అలలు పుడతాయి, దాన్నే మ్వారే అంటారు. మెనూలో ఏఏ ఫిల్టర్ సిమ్యులేటర్ ఉంది, అది సెన్సర్‌ను సూక్ష్మంగా కదిపి ఆ అలలను తగ్గిస్తుంది. చీరలు దగ్గరగా తీసేటప్పుడు ఆన్ చేసి, బయటికొచ్చాక ఆపేయండి. జరీ అంచుకు మాక్రో ఉంది, 6 నుంచి 12 సెంటీమీటర్ల దాకా పోవచ్చు. అంత దగ్గర్లో మీ నీడే చీర మీద పడుతుంది కాబట్టి లైటుకు అడ్డం నిలబడకండి.

"నా 18-55 కూడా 18 దగ్గర దాదాపు 28 లాంటిదే కదా" అని మీరు అనొచ్చు. నిజమే, చూపు అంతే. తేడా ఎదుటి మనిషిలో వస్తుంది. పెద్ద కెమెరా బ్యాగులోంచి తీసేలోపు ఆయన పని ఆపి, నిటారుగా కూర్చుని, కండువా సర్దుకుంటాడు. ఆ ఇంటామె చీర మార్చుకుని వస్తానని లోపలికి పోతుంది. మీరు తీయడానికి వచ్చిన పని అక్కడితో ఆగిపోతుంది. జీఆర్ 3 బ్యాటరీ, కార్డుతో కలిపి 257 గ్రాములు, చొక్కా జేబులో పడుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ తీయొచ్చు. దొంగతనంగా తీయమని చెప్పడం లేదు, ముందే అడగండి. మళ్లీ పోయినప్పుడు ఒక ప్రింటు తీసుకెళ్లి చేతిలో పెట్టండి.

ఈ కెమెరాలో నిజమైన సొత్తు స్నాప్ ఫోకస్. షట్టర్ బటన్‌ను సగం దగ్గర ఆపకుండా ఒకేసారి పూర్తిగా నొక్కితే, కెమెరా ఫోకస్ కోసం వెతకదు. మీరు ముందే పెట్టిన దూరానికే ఫోటో తీసేస్తుంది. మరి దూరం ఎట్లా తెలుస్తుంది? మన సీమలో దానికి కొలత కాళ్ల కిందే ఉంది. రెండడుగుల చదరపు కడప బండలు పరిచిన వసారా మీద నిలబడండి. రెండున్నర బండలు అంటే 5 అడుగులు, అది 1.5 మీటర్లు. మూడు బండలు ఆరడుగులు, దానికి 2 మీటర్ల సెట్టింగు సరిపోతుంది. నాలుగు బండలు ఎనిమిది అడుగులు, అంటే 2.5 మీటర్లు. రోజుకు పది నిమిషాలు బండలు చూడకుండా దూరం చెప్పి, తర్వాత లెక్కపెట్టి చూసుకోండి. రెండు వారాల్లో కంటికి అలవాటవుతుంది. బండ సైజు ఇంటింటికీ మారుతుంది కాబట్టి మొదట టేపుతో ఒకసారి కొలవండి.

దీనికి తగ్గట్టు మోడ్ డయల్ మీద మన సెట్టింగులు దాచుకునే యూ1, యూ2, యూ3 నింపుకోవాలి. యూ1 ఎండకు: ఎఫ్/8, స్నాప్ 2.5 మీటర్లు, ఆటో ఐఎస్ఓ, షట్టర్ 1/250 కంటే తగ్గకుండా. ఇలా పెడితే నాలుగడుగుల నుంచి కంటికి ఆనినంత దూరం దాకా అంతా స్పష్టమే. తిరునాళ్లలో, సంతలో ఇంకేమీ ముట్టుకోనక్కర్లేదు. యూ2 నీడకు, టీ అంగడికి: ఎఫ్/5.6, 2 మీటర్లు. నాలుగడుగుల నుంచి దాదాపు ఇరవై అడుగుల దాకా పడుతుంది. యూ3 పైన చెప్పిన మగ్గం గదికి. మిట్టమధ్యాహ్నం తెల్లపంచె కట్టిన మనిషి నల్లబండ మీద కూర్చుంటే మామూలు మీటరింగ్ (కెమెరా వెలుతురు కొలిచే తీరు) పంచెను కాల్చేస్తుంది. అట్లాంటప్పుడు తెల్లటి భాగాలు కాలకుండా చూసే హైలైట్ వెయిటెడ్ మీటరింగ్ పెట్టండి. ఎండలో ఎఫ్/2.8 వాడాలంటే లోపలున్న 2 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురును నాలుగో వంతుకు తగ్గించేది) ఆన్ చేయక తప్పదు. ఆ ఎపర్చర్ దగ్గర షట్టర్ 1/2500 దాటదు, మన ఎండకు ఐఎస్ఓ 100 దగ్గర కూడా 1/3200 కావాల్సి వస్తుంది.

అయినా ఎండలో ఎఫ్/2.8 ఎందుకు? వెనకంతా పాలలాగా కరిగిపోవాలన్న పిచ్చి పెళ్లి ఆల్బమ్‌ల నుంచి అందరికీ అంటుకుంది. కొండారెడ్డి బురుజు ముందు నిలబెట్టి తీసి, బురుజును మసక చేస్తే ఆ ఫోటో కర్నూల్లో తీసినట్టా, స్టూడియోలో తీసినట్టా? లేపాక్షిలో అయినా, గండికోటలో అయినా అదే అన్యాయం జరుగుతోంది. ఊరు కనబడేటట్టు తీయండి.

ఇక దీని జబ్బు. ధూళి. ఆన్ చేస్తే లెన్స్ బయటికి వస్తుంది, ఆపితే లోపలికి పోతుంది. వచ్చిన ప్రతిసారీ పిచికారీలాగా గాలిని లోపలికి లాగుతుంది, గాలితో పాటు ధూళి. లెన్స్ ఊడదు కాబట్టి సెన్సర్‌ను మీరు తుడవలేరు. విప్పించాల్సిందే. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండలు కోసే చోట ఎండిన తెల్లపొడి ఎట్లా లేస్తుందో మీకు చెప్పక్కర్లేదు. అట్లాంటి చోట లోపలికి పోకముందే ఆన్ చేయండి, బయటికొచ్చి బ్రష్‌తో లెన్స్ గొట్టం చుట్టూ దులిపాకే ఆఫ్ చేయండి. నిమిషానికోసారి ఆన్, ఆఫ్ చేస్తే మీరే ధూళిని పంపు కొట్టినట్టు. ఆటో పవర్ ఆఫ్ కూడా అక్కడ తీసేయండి, లేకపోతే అదే లెన్స్‌ను లోపలికి లాగేస్తుంది. ప్యాంటు జేబులో నూలు పీచు ఉంటుంది, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో వేసుకోండి. జీఏ-1 అనే అడాప్టర్ గొట్టం బిగించి, దాని మీద 49 మి.మీ. ఫిల్టర్ పెడితే లెన్స్ ఆ గొట్టం లోపలే కదులుతుంది. జేబులో పట్టదు గానీ, రోజంతా దుమ్ములో తిరిగే పనికి అదే మేలు.

పాతది కొనేటప్పుడు మొదట చూడాల్సింది కూడా ధూళే. ఎఫ్/16 పెట్టి, ఫోకస్‌ను చేత్తో బాగా దగ్గరికి తెచ్చి, ఖాళీ ఆకాశాన్ని ఎక్స్‌పోజర్ ప్లస్ 1 దగ్గర తీయండి. ఫోటోను పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. నల్లటి మచ్చలు కనిపిస్తే అవి సెన్సర్ మీదివి. ఒకటి రెండు చిన్నవైతే ధర తగ్గించి అడగొచ్చు, ఎక్కువైతే వదిలేయండి. పదిసార్లు ఆన్, ఆఫ్ చేసి లెన్స్ గరగరలాడుతోందేమో వినండి. వెనక చక్రం ఒక మెట్టు తిప్పితే రెండు దూకుతుంటే అదీ లోపమే.

బ్యాటరీ చిన్నది, కంపెనీ లెక్కే సుమారు 200 ఫోటోలు. రెండు అదనంగా పెట్టుకోండి. యూఎస్‌బీ-సి ఉంది కాబట్టి పవర్ బ్యాంక్‌తో కూడా ఎక్కుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో బండి ట్యాంకు కవర్లో మాత్రం పెట్టొద్దు. వ్యూఫైండర్ లేదు, ఎండలో తెర సరిగా కనబడదు. అవుట్‌డోర్ వ్యూ సెట్టింగును ప్లస్ 2 చేస్తే కొంత నయం. ఫ్లాష్ లోపల లేదు, పైన పెట్టుకోవాలి. వాన పడితే ఓర్చుకోదు.

ఫుజీ ఎక్స్100 వరుస సంగతి కూడా అడుగుతారు. మంచి కెమెరాలే. ఎఫ్/2 లెన్స్, లెక్కకు 35, వ్యూఫైండర్ ఉంది, లెన్స్ బయటికి లోపలికి ఎక్కువ పోదు కాబట్టి ధూళి బాధ తక్కువ. కానీ 2024లో వచ్చిన ఎక్స్100-6 బరువు 521 గ్రాములు. అది మెడలో వేలాడే కెమెరా, జేబుది కాదు. మగ్గం గదిలో 35 కూడా ఇరుకే.

డబ్బు పెట్టేముందు ఒక నెల ఖర్చు లేని పరీక్ష చేయండి. మీ 18-55ను 18 దగ్గర పెట్టి జూమ్ రింగుకు టేపు అంటించండి. ఆటో ఫోకస్ ఆపి, ఎనిమిదడుగుల దూరంలో ఉన్న దానికి ఫోకస్ చేసి, ఆ రింగుకూ టేపు వేయండి. ఎఫ్/8. ఇక దూరం మార్చుకోవాల్సింది మీ కాళ్లే. నెలాఖరుకు తీసినవన్నీ చూసుకుంటే, ప్రతిదాంట్లో మనిషి చిన్నగా, చుట్టూ ఖాళీ ఎక్కువగా కనిపిస్తే, మీరు అడుగు ముందుకేసే రకం కాదని తెలుస్తుంది. అప్పుడు లెక్కకు 40 మి.మీ. ఉండే జీఆర్ 3ఎక్స్ తీసుకోండి, మీ జూమ్‌లో అది 25 దగ్గర వస్తుంది. బాగున్నాయనిపిస్తే 28 కొని, 18-55 అమ్మేయండి. 55-250 మాత్రం ఉంచుకోండి. రోళ్లపాడు అభయారణ్యంలో కృష్ణజింకల దగ్గరికి ఏ జేబు కెమెరాతోనూ పోలేరు.