జపనీస్‌లో, ఇంగ్లీషులో జనం తమలో తాము ఎలా మాట్లాడుకుంటారు?

డాలస్‌లో 3 ఏళ్లు, తర్వాత టోక్యో నిషి కసాయ్‌లో 7 ఏళ్లు ఉన్నాను. పక్క సీట్లవాళ్ల గొణుగుడు విని తెలుసుకున్నదే చెప్తున్నా.

ఇలా ఎవరికి వారే పైకి మాట్లాడుకోవడాన్ని జపనీస్‌లో 'హితొరిగొతొ' అంటారు. బరువెత్తుతున్నా, కుర్చీలోంచి లేస్తున్నా 'యొయిషొ'. పెట్టిన చోట వస్తువు లేకపోతే 'అరె?' (అచ్చం మన అరె లాగే. కొత్తలో అది వినబడినప్పుడల్లా తల తిప్పి చూసేవాణ్ణి.)

నాకు క్లాసులో నేర్పింది దెస్, మస్ తగిలించే మర్యాద భాష. ఓరోజు సొరుగులో స్టాప్లర్ వెతుక్కుంటూ 'దొకొ దెస్ కా' (ఎక్కడుందండీ) అని గొణిగాను. పక్కనున్న సీనియర్ 'హై?' అంటూ కుర్చీ ఇటు తిప్పారు, ఏం కావాలని. ఏం లేదండీ అన్నాను. రెండ్రోజులకి మళ్లీ అదే కథ. మూడోసారి ఆయనే నవ్వి చెప్పారు: దెస్ కా అంటే ఎదుటివాణ్ణి అడిగినట్టు, నిన్ను నువ్వు అడుక్కుంటే 'దొకొ కనా' అనాలి.

అప్పుడు వెలిగింది, ఈ కనా మన 'చెప్మా' అని. అమ్మమ్మ 'తాళాలెక్కడ పెట్టాను చెప్మా' అంటే అది మనల్ని అడగడం కాదుగా! తెలిసిన విషయమే గుర్తురాకపోతే ఇంకోటుంది, 'నన్ దక్కె'. ఏంటబ్బా అది, అన్నమాట.

మేనేజరు ముందు మాటమాటకీ మస్ పెట్టే కుర్రాడు కూడా రామెన్ సూపు నోట్లో పడగానే 'ఒయిషీ!' (భలే రుచి) అనేస్తాడు, దెస్ లేకుండా. ఎవరూ తప్పుపట్టరు, ఆ మాట మేనేజరుతో అన్నది కాదు కాబట్టి. ఈ వెసులుబాటుని వాడుకునే గడుసువాళ్లూ ఉన్నారు. మేనేజరు గాల్లోకి చూసి 'సముయ్ నా' (చలిగా ఉందే) అన్నారంటే, లేచి ఏసీ తగ్గించాల్సింది మనమే.

ఇంగ్లీషులో తేడా 'యూ' దగ్గర. డాలస్‌లో నా పక్కతను కోడ్ బిల్డ్ ఫెయిలైనప్పుడల్లా 'వాట్ ఆర్ యూ డూయింగ్, మ్యాన్?' అనేవాడు. నన్నేనేమో అని ఉలిక్కిపడేవాణ్ణి. తిట్టుకోవాలన్నా, ధైర్యం చెప్పుకోవాలన్నా తనని తాను ఎదురుగా నిలబెట్టుకుంటాడు: 'కమాన్, యూ కెన్ డూ దిస్'. విసుగొస్తే మాత్రం 'ఐ హేట్ దిస్', అక్కడ యూ రాదు. జపనీస్‌లో తనని తాను 'అనత' (నువ్వు) అనుకున్నవాణ్ణి నేను చూడలేదు. చాలాసార్లు ఎవరన్నదే ఉండదు, ఉంటే 'గంబరె, జిబున్' (గట్టిగా ప్రయత్నించు) లాగా జిబున్ వస్తుంది, అంటే తాను. మనం ఇందులో ఇంగ్లీషు వైపే. 'ఒరేయ్, బుద్ధుందా నీకు' అని తనని తాను తిట్టుకోని తెలుగువాడెవడు!

మొన్న సెలవుల్లో రాజమండ్రి వెళ్లినప్పుడు కళ్లద్దాలు కనబడక 'దొకొ కనా' అన్నాను. వంటింట్లోంచి అమ్మ: "ఫ్రిజ్ మీదున్నాయ్ చూడరా."